మైనస్ ఎనభైలో ఒకటో నంబరు

తుఫాను తీరం దాటిన మర్నాడు పొద్దున ఎనిమిదింటికి తనూజ బాపట్ల చేరేసరికి చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా బురదయ్యాయి. తెనాలి నుంచి రోజూ ఎక్కే రైలు రద్దయింది. పొన్నూరు దాకా బస్సు దొరికింది, అక్కడి నుంచి టార్పాలిన్ పట్టాలు మోసుకెళ్తున్న ట్రాలీ ఆటో, చివరి రెండు కిలోమీటర్లు నడక. దారి పొడవునా కోతకొచ్చిన వరి నేలకంటుకుపోయి ఉంది. ఆ చేలను చూసి అయ్యో అనుకునేందుకు కూడా ఆమెకు తీరిక లేదు. ప్రాణమంతా ల్యాబులో ఉన్న ఒక ఫ్రీజరు మీదే ఉంది.

తనూజను చుట్టాలందరూ క్యాన్సర్ డాక్టరు అంటారు. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చుని రిపోర్టులు విప్పుతారు. తను మందులు రాసే డాక్టరును కాదని, మాలిక్యులర్ బయాలజిస్టునని చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుట్టింది. ఆమె చూసేది కణం లోపలి ఒక ప్రొటీన్‌ని. దాని ఉద్యోగం కాపలా. కణంలో డి.ఎన్.ఏ. దెబ్బతింటే ఆ కణం రెండుగా చీలకుండా ఆపుతుంది, బాగు చేయిస్తుంది, బాగుపడే రకం కాదనుకుంటే కణాన్నే చంపేస్తుంది. ఆ ప్రొటీన్ వంకరపోయిందంటే ఇక అడ్డూ ఆపూ ఉండదు, కణితి పెరుగుతుంది. ఆ వంకరను మందుతో సరిచేయొచ్చా అన్నదే ఆమె పదమూడేళ్ళుగా చేస్తున్న పరిశోధన.

ఓ ప్రైవేటు కాలేజీ వెనక రెండు గదులిచ్చారు ఆమెకు. అందులో మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరు, ఫ్రీజరులో రెండు వందల పన్నెండు ట్యూబులు. తెనాలి, పొన్నూరు, బాపట్ల చుట్టుపక్కల మనుషులు నమ్మి ఇచ్చిన కణితి ముక్కలు, కణాలు. ట్యూబుల మీద పేర్లుండవు, నంబర్లుంటాయి. ఒకటో నంబరుతో మూడు ట్యూబులున్నాయి. అవి తెనాలిలో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పిన సూర్యకుమారి టీచరుగారివి, అంటే తనూజ తల్లివి. ఆపరేషన్ రోజున ఆవిడే డాక్టరును పిలిచి, ఆ ముక్కేదో మా అమ్మాయికివ్వండి, దానికి పనికొస్తుందని చెప్పింది. రెండేళ్ళకు ఆవిడ పోయింది. ఆ రోజు తనూజ కంట చుక్క నీరు రాలేదు. రాయి మనిషని వీధిలో అనుకున్నారు, అనుకోనీ. అమ్మ ఇంకా మైనస్ ఎనభైలో ఉందన్న ఆలోచన ఆమె గుండెలో ఎక్కడో పాతుకుపోయి ఉంది. సైన్సు చదివిన మనిషికి అలాంటి ఆలోచన సిగ్గుచేటని తెలుసు కాబట్టి ఎవరితోనూ అనలేదు.

కరెంటు ముందురోజు మధ్యాహ్నమే పోయింది. జనరేటరును కాలేజీవారు అందానికి అడ్డమని పల్లంలో సైకిల్ స్టాండు పక్కన పెట్టించారు. ఇప్పుడది నీళ్ళలో పీకల్లోతు మునిగి ఉంది. అయినా తనూజ లెక్క తనకుంది. తలుపు తెరవకుండా ఉంచితే మైనస్ అరవై దగ్గర ఉండాలి. మైనస్ ముప్ఫై దాటనంతవరకు ట్యూబులకు భయం లేదు.

ల్యాబు తలుపు తీయగానే ఆమె కళ్ళు అంకె మీద పడ్డాయి. బ్యాటరీ మీద వెలుగుతున్న ఆ ఎర్రంకె మైనస్ నలభై నాలుగు చూపిస్తోంది. పక్కనే అటెండరు కోటయ్య, తడి లుంగీతో, రాత్రంతా మేలుకున్న మొహంతో, గొప్ప పని చేసినవాడిలా నిలబడి ఉన్నాడు.

"మీరేం గాబరాపడకండమ్మా. రెండు దిమ్మలు ఐసు తెప్పించి లోపలంతా దట్టించేశాను."

కోటయ్యది రేపల్లె. ల్యాబుకు రాకముందు ఇరవయ్యేళ్ళు చేపల పెట్టెలకు ఐసు కొట్టాడు. కరెంటు పోతే ఐసు వేయాలి, ఐసు వేస్తే సరుకు చెడదు. అతనికి జీవితం నేర్పిన పాఠమది. సూర్యలంక దారిలో ఐసు ఫ్యాక్టరీవాణ్ణి నిద్రలేపి, నడుంలోతు నీళ్ళలో దిమ్మలు తోసుకొచ్చి, పగలగొట్టి, అంటుకున్న ఊకపొట్టుతో సహా ఫ్రీజరులో కూరాడు.

చేపలకు చల్లనైన ఐసు మైనస్ అరవైకి నిప్పులాంటిదని అతనికి ఎవరు చెప్పారు? తనూజ చెప్పలేదు. పదమూడేళ్ళుగా తలుపు తుడిపించిందే కానీ, లోపల చలి ఎలాంటిదో ఒక్కసారైనా చెప్పలేదు. ఆ సంగతి తట్టక ముందే నోరు జారింది.

"నిన్నెవరు తెరవమన్నారు బాబాయ్? ఏమీ చేయకుండా ఊరుకుంటే బతికేవి."

కోటయ్య మొహం వాడిపోయింది. ఇద్దరూ కలిసి ఐసంతా ఎత్తి బయట పోశారు. తలుపు మూసేసరికి అంకె మైనస్ ముప్ఫై తొమ్మిది. ద్రవ నైట్రోజన్ కోసం గుంటూరుకు ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు, వచ్చే దారి నిండా చెట్లు. ఆ నైట్రోజన్ ఉంటే చాలు, మైనస్ నూట తొంభై ఆరులో ట్యూబులు నెలలైనా నిలుస్తాయని ఆమె పైకే గొణుక్కుంది.

బయటికి వెళ్ళబోతున్న కోటయ్య ఆగాడు. నైట్రోజన్ అంటే, మూత తీస్తే పొగలు కక్కేదేనా అని అడిగాడు. అవునంది. అది తమ గేదెకు సూది వేసే ఫ్రాన్సిస్ దగ్గర ఉంటుందన్నాడు.

తనూజ ఒక్క క్షణం బిత్తరపోయింది. నిజమే. ముర్రా దున్నల వీర్యం ఊరూరా మోసుకు తిరిగే క్యానులో ఉండేది అదే. పదమూడేళ్ళ చదువుకు తట్టనిది కోటయ్య గేదెకు తట్టింది. ఫ్రాన్సిస్ ఉండేది చెరుకుపల్లిలో. కోటయ్య వెంటనే మోపెడ్ ఎక్కాడు.

ఆ తర్వాత ఆమె చేయగలిగింది స్టూలు మీద కూర్చుని అంకెను చూడటమే. తొమ్మిదిన్నరకు ముప్ఫై ఆరు. పదింటికి ముప్ఫై ఐదు. చెయ్యి తలుపు పిడి మీదికి పోయేది, వెనక్కి తీసుకునేది. అరగంటకు ఒక డిగ్రీ చొప్పున తన బతుకు కరుగుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో ఆ రోజు తెలిసింది. పదకొండుకు ముప్ఫై మూడు. కోటయ్య చేరాడో లేదో, ఫ్రాన్సిస్ ఇంట్లో ఉన్నాడో లేదో, ఉన్నా ఇస్తాడో లేదో. పన్నెండింటికి అంకె ముప్ఫై ఒకటి అయింది. అప్పుడు గేటు దగ్గర బండి చప్పుడయింది.

ఫ్రాన్సిస్ ముప్ఫై ఏళ్ళ సన్నటి మనిషి. బండి వెనక గోనెసంచిలో చుట్టి కట్టిన క్యాను దించాడు. ఇది నాలుగూళ్ళ పాడికి ఆధారమని, మళ్ళీ నైట్రోజన్ బండి వచ్చేది పది రోజుల తర్వాతని మొహమాటం లేకుండా చెప్పాడు. ఈ ట్యూబులు దించితే సగం ఆవిరైపోతుంది. మధ్యలో ఎదకొచ్చిన గేదెల యజమానులు తన గుమ్మంలో కూర్చుంటారు. ఇంతా చెప్పి, తన దున్నల సరుకునంతా క్యాను లోపలి రెండు గొట్టాల్లోకి సర్ది, నాలుగు గొట్టాలు ఖాళీ చేశాడు.

"నలభై పడతాయి మేడమ్. అంతకుమించి ఒక్కటి కూడా కుదరదండి. ఏవి కావాలో తొందరగా తీయండి."

రెండు వందల పన్నెండులో నలభై. తనూజ రిజిస్టరు తెరవలేదు, అన్నీ నోటికొచ్చు. ముప్ఫై ఒకటి నుంచి ముప్ఫై ఆరు, వేమూరు దగ్గరి ఒకే కుటుంబంలో అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు. ఆ ఇంటి ప్రొటీన్‌లోని వంకర ఆమె ఇంకెక్కడా చూడలేదు. అవి ముందు వెళ్ళాయి. తర్వాత మందు పరీక్షకు సగం దాకా వచ్చినవి. తర్వాత మళ్ళీ అడిగినా ఇవ్వలేని మనుషులవి. వేళ్ళు మొద్దుబారుతుంటే నంబరు పైకి చదువుతూ అందించింది, ఫ్రాన్సిస్ దించాడు. ముప్ఫై ఏడు అయ్యాయి. ఇంకా మూడిటికి చోటుంది.

పై అరలో మూలన ఒకటో నంబరు పెట్టె ఉంది. అందులో సరిగ్గా మూడు ట్యూబులు.

ఆమె చెయ్యి దాని మీదే ఆగింది. అమ్మ ప్రొటీన్‌ని చదవడం ఎప్పుడో అయిపోయింది. దాని మీద రెండు పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి. ఇక అందులోంచి తెలుసుకునేదేమీ లేదు. పక్క పెట్టెలో నూట తొంభై నంబరు, పోయిన నెలలో పొన్నూరు నుంచి వచ్చింది, ఇరవై రెండేళ్ళ అమ్మాయిది, ఇంకా మూత కూడా తీయలేదు. మూడు ట్యూబులు.

"మేడమ్, మూత మూసెయ్యాలండి," అన్నాడు ఫ్రాన్సిస్.

దానికి పనికొస్తుందని అమ్మ ఇచ్చింది. ఏది పనికొస్తుందో చూడమనే కదా ఇచ్చింది. తనూజ నూట తొంభై నంబరు తీసి అందించింది. క్యాను మూత పడింది. ఫ్రీజరు అంకె ఇరవై తొమ్మిదికి చేరింది.

మూడో రోజు సాయంత్రానికి గాని కరెంటు రాలేదు. తర్వాత వారంలో క్యానులోంచి తీసిన కణాలు ఒక్కొక్కటీ పళ్ళాల్లో బతికి పెరిగాయి. నూట తొంభై నంబరువి అన్నిటికంటే చురుగ్గా పెరిగాయి. కరిగిపోయినవాటిని ఆవిరి యంత్రంలో ఉడికించి పారేయాలి, అది ల్యాబు నిబంధన. ఆ పని తనూజ ఎవరికీ వదల్లేదు. ఆఖరున ఒకటో నంబరు పెట్టె తెచ్చింది. మూడు ట్యూబుల్లో లేత గులాబీ రంగు నీళ్ళు మిగిలాయి. అవి లోపల పెట్టి మూత బిగించి, రిజిస్టరు మొదటి పేజీ తీసి, మొదటి గీతకు ఎదురుగా పారవేయబడినది అని రాసింది. రాసిన చెయ్యి ఆ పేజీ మీదే ఉండిపోయింది.

కోటయ్య ఆ రోజు నుంచి ఆమె మొహంలోకి సూటిగా చూడటం లేదు. ఇప్పుడు దగ్గరికొచ్చాడు.

"ఆ ఒకటోది టీచరమ్మగారిదేనాండి?"

"అవును బాబాయ్. అమ్మదే."

అని, అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చింది తనూజ. పదకొండేళ్ళ కిందట రావలసిన ఏడుపంతా వచ్చింది. తప్పు తనదేనని కోటయ్య మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డంగా ఊపింది. అతను భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో పట్టుకుని, యంత్రం లోపలి ఆవిరి చప్పుడు ఆగేదాకా నిలబడ్డాడు. ఆగాక మెల్లిగా అన్నాడు.

"ఇంటికెళ్ళగానే తలకు పోసుకోండమ్మా."

మామూలప్పుడైతే తనూజ నవ్వేది. ఆ సాయంత్రం తెనాలి రైలు దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి నడిచి, గుమ్మం లోపల దేన్నీ తాకకుండా తిన్నగా పెరట్లోకి వెళ్ళి తలస్నానం చేసింది.