బామ్నిలో నీలం రంగు ఇల్లు

మా ఇంజినీరింగ్ బ్యాచ్ పూర్వ విద్యార్థులం కలిసి మా కాలేజీలో కొందరు పిల్లల ఫీజులు కడుతున్నాం. వాళ్లలో శ్రావణిది మహారాష్ట్రలో సిరొంచ అవతల ఉన్న బామ్ని. సివిల్ రెండో ఏడు మధ్యలో హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఈ వారంలో తిరిగి చేరకపోతే సీటు పోతుందని కాలేజీవాళ్లు చెప్పారు. నచ్చజెప్పి తీసుకురమ్మని మా వాళ్లు నన్ను పంపారు, సెలవు దొరికింది నాకే కాబట్టి.

హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి మంచిర్యాల. అక్కడి నుంచి బస్సులో చెన్నూరు, తర్వాత షేర్ ఆటోలో ప్రాణహిత వంతెన దాటితే సిరొంచ. బామ్నికి వేరే ఆటో మాట్లాడుకుంటే నాలుగు వందలన్నారు. రోడ్డు చూశాక తక్కువే అనిపించింది. శ్రావణి ఇల్లు నాకు తెలుసనుకున్నాను. చందాల కోసం 'కూలివాళ్ల పిల్ల' అంటూ మా వాళ్లు తీసిన వీడియోలో, కూలబోతున్న గుడిసె ముందు వాళ్ల నాన్న చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. ఊళ్లోకి రాగానే ఆటో డ్రైవర్ రాజన్నకు అదే చూపించాను.

"గిది సమ్మయ్య మేస్త్రి మేకల కొట్టం సార్," అన్నాడతను. "ఇల్లు పక్కకే ఉన్నది గదా, నీలం రంగుది."

నిజంగానే పక్కన నిక్షేపంలాంటి స్లాబు ఇల్లు. శ్రావణి వాళ్ల నాన్న సమ్మయ్య నాకు కుర్చీ వేసి, చాయ్ ఇప్పించి, అప్పుడు నోరు విప్పాడు.

"మా నాయన కూలికి పోయెటోడు, గది నిజమే. గీ ఇల్లు నా చేతులతోటి కట్టుకున్న. మీ దోస్తులు వచ్చి, ఇల్లు వద్దు, కొట్టం ముంగట నిలవడు అన్నరు. చేతి గడియారం గూడ తీసేయుమన్నరు. బిడ్డ సదువని నిలవడ్డ."

శ్రావణి గడప దాటి రాలేదు. "హాస్టల్ల అందరు చూసిండ్రు సార్. మేకలతోని పండేదానివా అని అడుగుతరు. నేను పుట్టిందే గీ ఇంట్ల. గా వీడియో తీసేస్తే రేపే వస్త."

ఇంతేనా అని ప్రాణం లేచొచ్చింది. బయటికొచ్చి చందాలు చూసే మిత్రుడికి ఫోన్ చేశాను.

"అది తీసేస్తే వచ్చే ఏడు ఎవడిస్తాడ్రా? మిగతా పిల్లల గతేంటి?" అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు.

ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లాను. నా మొహం చూసి ఆ పిల్లకే అర్థమైంది.

"పరేషాన్ కాకుండ్రి సార్," అని నన్నే ఓదార్చింది.

సీటు గడువు నిన్నటితో అయిపోయింది. శ్రావణి రాలేదు. వీడియో అలాగే ఉంది, చందాలూ వస్తూనే ఉన్నాయి. ఒక మనిషి ఎదిగి కట్టుకున్న ఇల్లు మా దయకు అడ్డొచ్చింది, దాన్ని పక్కకు నెట్టాం. ఇప్పుడు ఆ ఇంటి పిల్ల చదువు పోయింది. దీన్ని సరిదిద్దే దారి నాకైతే కనిపించడం లేదు. అటు వెళ్లేవాళ్లు తిరుగు ఆటో ముందే మాట్లాడుకోండి, పొద్దుగూకితే బామ్నిలో బండి దొరకదు. మా బ్యాచ్ వాళ్లెవరైనా వెళ్తే మాత్రం గుడిసె కోసం వెతక్కండి. నీలం రంగు ఇల్లని అడగండి, ఎవరైనా చూపిస్తారు.