నల్లదున్న తోలు

“ప్రభువునందు నిద్రించిన మన లేవి గారు బాప్తిస్మము పొందిన దినముననే అపవిత్రమైన తోలుపనిని విసర్జించి, శేషజీవితమంతయు వాక్యధ్యానములో గడిపిరి.”

సంఘం పెద్ద బాలస్వామి ఏసుగుడి ఆదరణ కూడికలో కాగితం చూసి ఈ మాట చదివేసరికి, ఆడవాళ్ల వైపు ముందు వరసలో చాప మీద కూర్చున్న జీవమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. లేవి ఆమె మొగుడు. మట్టిలో పెట్టి పదకొండు దినాలయింది.

“అది సంఘం దస్త్రంలో అంటిస్తారంట గదమ్మే?” అని పక్కనున్న మనవరాలు కృపమణిని గుసగుసగా అడిగింది. ఆ పిల్ల డోన్‌లో పంతులమ్మ.

“అవునవ్వా. కూడిక అయిపోతానే అంటిస్తారు.”

జీవమ్మకు అక్షరం రాదు. అయినా దస్త్రంలో ఎక్కిన మాటే రేపు నిలిచేదని తెలుసు. ఆయన్ను చూసినవాళ్లంతా పోయాక ఆ కాగితమే లేవి అవుతుంది. చేతులు లేని లేవి.

బాలస్వామి చదువుతూనే ఉన్నాడు. చలవ చేసిన తెల్లచొక్కా, నూనె పెట్టి అణచిన జుట్టు. అతని తాతా ముత్తాతా ఈ గేరిలో తోళ్లు నానేసి, పదును పెట్టి ఊనినవాళ్లే. ఆ నోటినుంచి అపవిత్రం అన్న మాట అంత నున్నగా జారిపడడమే ఆమెకు రోత పుట్టించింది.

ఆమె మాత్రం ఆ పనిని ఏవగించుకోలేదా? యాభై ఏండ్ల కిందట కాపురానికొచ్చిన దినం, ఇంటి వెనక తోళ్లు నానేసే లంద వాసనకు ముద్ద మింగలేక బయటికి పరిగెత్తి కక్కుకుంది. సున్నం, ఊడిన వెంట్రుకలు, తంగేడుచెక్క పులుపు, అన్నీ కలిసిన వాసన. అత్త నోరు చేసుకోబోతే లేవి అడ్డమొచ్చాడు.

“కక్కుకోనీలేమ్మా. పుట్టినప్పట్నుంచి ఉన్నోణ్ణి, నాకే ఒగోసారి తిప్పుతాది. ఆ పిల్లకు తిప్పదా?”

ఆ సాయంత్రం ఇసుకతో, కుంకుడుకాయతో మోచేతుల దాకా రుద్దుకుని వచ్చి, ఆమె మంచం పట్టుకుని నిలబడ్డాడు. వేలు తడిపి పైకెత్తాడు.

“ఏం చేస్తాండావు?” అంది ఆమె భయంగా.

“గాలి యాటునుంచి తోల్తాండాదో చూస్తాండా.”

గాలి వచ్చే దిక్కుకు, లందకు దూరంగా ఆమె మంచం జరిపాడు. ఆ తర్వాత ఏనాడూ మానలేదు. జ్వరాల ఏడు ఇద్దరు బిడ్డలు ఒక్క వారంలో పోయినప్పుడు, ఊరందరికీ గుంటలు తవ్వి నడుం వంగిపోయి వచ్చిన సాయంత్రాల్లో కూడా ముందు చేతులు రుద్దుకున్నాడు, తర్వాత వేలెత్తి గాలి చూశాడు. ముక్కుకు వాసన ఎప్పుడో అలవాటైపోయిందని చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. చెబితే మానేస్తాడు.

బాప్తిస్మమిచ్చిన నాడు మిషను దొర చచ్చిన గొడ్డు కూర తినొద్దన్నాడు. లేవి మళ్లీ ముట్టలేదు. “తినొద్దన్యాడు గానీ కుట్టొద్దన్లేదు గదా” అని పొద్దున్నే లందకాడికి పోయాడు. చుట్టూ నాలుగూళ్ల బావులకు, నీళ్లు తోడే కపిలె తొండాలు ఆయనే కుట్టాడు. ఎద్దులు మోకు లాగితే బాన నిండా నీళ్లు పైకొచ్చి, బాన అడుగునున్న ఆ తోలు తొండంలోంచే కాలువలోకి దూకాలి. ఆ తొండం చినిగితే ఊరి నోట్లో మన్నే.

అయినా ఊరివాళ్లు తక్కువ రోత పుట్టించారా! ఇప్పుడు గుడి బయట, గడపకు బారెడు దూరంగా గొంతుకూర్చున్న రైతు గిడ్డయ్య, లేవి కుట్టిన తొండంలోంచి దూకిన నీళ్లు దోసిళ్లతో తాగేవాడు. అదే లేవికి దాహమేస్తే చెంబు ఎత్తి పైనుంచి పోసేవాడు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా జీవమ్మ ఉమ్మేస్తుంది.

నలభై దాటాక లేవి పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాడు. చేతులు కడుక్కున్నాకనే పుస్తకం తెరిచి, తంగేడు రంగెక్కిన వేలు వరస కింద పెట్టి చదివేవాడు. గుడిలోని పెద్ద బైబిలు అట్టను చెదలు తినేస్తే దాన్ని ఇంటికి తెచ్చి తొమ్మిది దినాల్లో కొత్త అట్ట కట్టాడు. చూసినవాళ్లంతా మద్రాసునుంచి వచ్చిందనుకున్నారు. ఆమె చెప్పబోతే వద్దన్నాడు.

“సదువుకోనీమ్మే. అట్ట సంగతి తెలిస్తే సగం మంది ముట్టుకోరు.”

ఇరవై రెండేండ్లు ఆమె నోరు మూసుకుంది.

బాలస్వామి చదవడం ముగించాడు. అలవాటు ప్రకారం పెద్ద బైబిలు రెండు చేతులా ఎత్తి అట్టను పెదాలకు ఆనించుకున్నాడు. ఇక జీవమ్మ నోరు ఆగలేదు. మోకాళ్ల మీద చేతులూని లేచింది.

“బాలసామీ, ఆ మాట కొట్టేయి నాయనా. ఆయప్ప తోలుపని మాన్లేదు.”

“పెద్దమ్మా, కూర్చో. గౌరవంగా ఉండాలనే రాస్తిమి.”

“ఎవరికి గౌరవం? నలభై దినాల కిందట గూడా తొండం కుట్న్యాడు. ఆ గిడ్డయ్యనే అడుగు.”

“కుట్న్యాడప్పా,” అన్నాడు బయటినుంచి గిడ్డయ్య. “సుక్క కారల్యా.”

“అది వేరే సంగతి,” బాలస్వామి ముఖం చిట్లించాడు. “దేవుని గుడిలో చచ్చిన తోళ్ల మాట యెందుకు?”

“గుడిలో తోలు లేదా? నువ్వు ముద్దు పెట్టుకొన్యావే, అది యాడిది? మద్రాసుదా? గిడ్డయ్య దున్నపోతు చస్తే ఆయప్ప ఊనిన తోలది.”

గిడ్డయ్య గడపదాకా జరిగాడు.

“మా నల్లదున్నా! ఓరి నీ... శానా మంచి గొడ్డప్పా అది!”

ఎవరో కిసుక్కుమన్నారు. జీవమ్మ నవ్వలేదు. ఆమె బాలస్వామినే చూస్తోంది. అతను పుస్తకాన్ని బల్ల మీద దించాడు. మూతి తుడుచుకున్నాడు. తర్వాత రెండు అరచేతులూ పంచెకు రాసుకున్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. అంతకంటే రోతైనది ఆమె లందలో కూడా చూడలేదు.

ముందుకు నడిచి బైబిలు తీసుకుని గుండెలకు హత్తుకుంది. ముక్కుకు తగిలింది. చాలా పలచగా, పులుపుగా, తంగేడుచెక్క.

“కృపమ్మా, ఆ కాగితం తీసుకో. ఆ వరస కొట్టేసి, నేను చెప్పింది రాయి. లేవి చచ్చిందాకా తోళ్లు ఊనినాడు. కపిలె తొండాలు కుట్న్యాడు. గుడిలో బైబులుకు అట్ట ఆయప్పే కట్న్యాడు. రాసినావా?”

“రాస్తాండానవ్వా.”

“చదువు.”

కృపమణి గొంతెత్తి చదివింది. బాలస్వామి, “సరేలే పెద్దమ్మా, అంటిస్తాం. ఇంగ పుస్తకం ఇట్లియ్యి. ఆఖరు ప్రార్థన చేయాల,” అని చేతులు చాచాడు.

జీవమ్మ ఆ చేతుల వైపు చూసింది. గుడి వాకిట్లో, గిడ్డయ్య కపిలె బావి నీళ్లు నింపిన తొట్టి ఉంది.

“కడుక్కోని రాపో,” అంది. “ఆయప్ప ఒగనాడు గూడా కడుక్కోకుండా దీన్ని ముట్టల్యా.”