రెండో షిఫ్టు మీద పడ్డ తప్పు

నేను రిటైర్ కావడానికి ఆరేళ్ల ముందు, జూన్ నెల మొదటి సోమవారం, చెన్నై ఉత్తరాన మనలిలోని ఒక రెజిన్ ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్ విభాగానికి మేనేజరుగా చేరాను. రెజిన్ అంటే పెయింట్లలో, వార్నిషుల్లో కలిపే చిక్కటి జిగురు. తయారీలో సరుకు ఎక్కడ చెడుతోంది, ఎందుకు చెడుతోంది అన్నది లెక్కలతో తేల్చి సరిదిద్దడం మా విభాగం పని. ఈ ఉద్యోగానికి లెక్కలు ఎంతవరకు రావాలని ఇప్పటి ఇంజనీర్లు నన్ను అడుగుతుంటారు. నాకు స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ ఉంది. అది నన్ను ఎంత దూరం తీసుకెళ్లిందో, ఎక్కడ బోర్లా పడేసిందో చెబితే వాళ్ల ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

చింతాద్రిపేటలో మా వీధి మొత్తానికి లెక్కల్లో నేనే పులినని చిన్నప్పటి నుంచీ పేరు. ఆ పేరుతో పాటు పొగరు కూడా పెరిగింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చేరిన వారానికే జనరల్ మేనేజర్ వరదరాజన్ గారు నాకు పని అప్పజెప్పారు. కొన్ని బ్యాచుల్లో సరుకు ఉండాల్సిన దానికన్నా పలచగా వస్తోంది, కారణం నెల రోజుల్లో తేల్చాలి. చిక్కదనం కొలవడానికి ల్యాబులో అడుగున రంధ్రమున్న చిన్న కప్పు వాడతారు. అందులో రెజిన్ పోసి, కారే ధార తెగేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూసి రిజిస్టరులో రాస్తారు.

ల్యాబు రిజిస్టరు తెప్పించుకుని మూడు నెలల అంకెలు కంప్యూటరులోకి ఎక్కించాను. షిఫ్టు వారీగా సగటు తీశాను. సగటు నుంచి అంకెలు ఎంత చెదిరాయో చూశాను. కనిపించిన తేడా కాకతాళీయం కాదని పరీక్ష పెట్టి రుజువు చేశాను. పలచటి బ్యాచుల్లో ఎక్కువ భాగం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా నడిచే రెండో షిఫ్టులో ఉన్నాయి. మిగతా ఆపరేటర్లు వారానికోసారి షిఫ్టులు మారేవాళ్లు. రెండో షిఫ్టులో మాత్రం ఎప్పుడూ ఒక్కడే ఆపరేటరు, మునిరత్నం. తిరువొత్తియూరు మనిషి, తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. రెజిన్ వండే పెద్ద పాత్ర, అంటే రియాక్టరు మీద ఇరవై రెండేళ్ల సర్వీసు. తనే అడిగి శాశ్వతంగా రెండో షిఫ్టు వేయించుకున్నాడు.

షిఫ్టు మీటింగులో, అందరి ముందూ, చార్టు గోడ మీద వేసి చూపించాను. మునిరత్నం పేరు నేను పలకలేదు. పలకాల్సిన అవసరమూ లేదు, అందరూ అతని వైపే చూశారు. మర్నాడే వరదరాజన్ గారు అతన్ని రియాక్టరు నుంచి తీసి డ్రమ్ముల యార్డుకు మార్చారు. నేను అడ్డు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, నా లెక్కకు అంత త్వరగా విలువ ఇచ్చారని గర్వపడ్డాను.

రెండు వారాలు గడిచాయి. రెండో షిఫ్టులో కొత్త ఆపరేటరు వచ్చాడు గానీ అంకెలు కదల్లేదు. పలచటి బ్యాచులు అన్నే ఉన్నాయి, అదే షిఫ్టులో ఉన్నాయి. మనిషిని మార్చినా ఫలితం మారలేదంటే కారణం మనిషి కాదు. ఈ సంగతి తెలుసుకోవడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు. చేరిన తర్వాత మొదటిసారి ఆఫీసు గది వదిలి యార్డుకు నడిచాను.

మునిరత్నం డ్రమ్ములకు లేబుళ్లు అంటిస్తున్నాడు. ఇరవై రెండేళ్లు రియాక్టరు నడిపిన మనిషి అలా బకెట్టులో బంక కలుపుకుంటూ కనిపించాడు. రెండో షిఫ్టులో సరుకు ఎందుకు పలచబడుతోందో అతనికేమైనా తెలుసా అని అడిగాను. అతను చేతులు గుడ్డతో తుడుచుకుని నింపాదిగా చెప్పాడు.

"ల్యాబు రిజిస్టర్లో టైము చూసినారు కదా మేడమ్. అది బాటిలు ఆడికి చేరినాక, వాళ్లు టెస్టు చేసేటప్పుడు రాసే టైము. ఈడ రియాక్టరు కాడ మేము ఎప్పుడు పట్టినామో దాంట్లో ఉండదు."

ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఎవురడిగినారు? గోడ మీద చార్టు ఏసి చూపించినారు, అంతే."

అక్కడే ఇంకో విషయం కూడా బయటపడింది. యార్డులో ఉండేది ఉదయం ఎనిమిది నుంచి ఐదు దాకా ఒకటే షిఫ్టు. మునిరత్నం తల్లికి పక్షవాతం, మంచం దిగలేదు. భార్య బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. ఏడింటికి వెళ్తే మూడింటికి గానీ ఇల్లు చేరదు. పొద్దున పూట తల్లిని కడిగి, తినిపించి, పక్క మార్చేది ఇతనే. రెండో షిఫ్టు అడిగి వేయించుకున్నది అందుకే. ఇప్పుడు పక్కింటామె వీలున్నప్పుడు తొంగి చూస్తోంది.

"ఇంటికి పోతే మా అమ్మ, ఈ పొద్దు ఎవురూ రాలేదురా అంటది. నేనేం చెప్పేది?" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

అయినా నాలోని అనుమానం పూర్తిగా చావలేదు. మర్నాడు మొదటి షిఫ్టులో వాచీ చూసుకుంటూ ఒక బాటిలు వెంట నడిచాను. పన్నెండున్నరకు రియాక్టరు దగ్గర శాంపిల్ పట్టారు. అది ల్యాబుకు చేరి చల్లారాలి. ఈలోగా ల్యాబు వాళ్లకు భోజనం వేళ అయింది. వాళ్లొచ్చి, ముందున్న బాటిళ్లు ముగించి, నా బాటిలు కప్పులో పోసేసరికి రెండుంబావు. రిజిస్టరులో రెండుంబావు అని రాశారు. మొదటి షిఫ్టు వండిన సరుకు నా కళ్ల ముందే రెండో షిఫ్టు ఖాతాలో పడింది. రాత్రి కూడా ఇదే వరస అని ల్యాబు వాళ్లే చెప్పారు. మునిరత్నం చివర్లో వండిన మంచి సరుకంతా పది దాటాక మూడో షిఫ్టు పేరున ఎక్కేది.

ఆపరేటర్లు రాసే లాగ్ షీట్లలో శాంపిల్ పట్టిన టైము ఉంటుంది. అవి బీరువాలో కట్టలు కట్టి ఉన్నాయి, ఎవరూ విప్పి చూడలేదు. నాలుగు రోజులు కూర్చుని బ్యాచి నంబరు పట్టి ఒక్కొక్కటీ రిజిస్టరుతో జతపరిచాను. అంకెలు సరైన చోట సర్దుకున్నాక కథ తిరగబడింది. పలచటి సరుకంతా మొదటి షిఫ్టుది. అందులోనూ తప్పు ఏ ఆపరేటరుదీ కాదు. ఉదయం ఎనిమిదికి పక్క సెక్షన్ మొదలవగానే, రెండు సెక్షన్లకూ ఒకటే బాయిలరు కాబట్టి, మాకు వచ్చే ఆవిరి ఒత్తిడి పడిపోయేది. బ్యాచి సరిగా ఉడికేది కాదు.

ఇదంతా వరదరాజన్ గారికి చూపించాను. ఆయన చెడ్డ మనిషి కాదు, చిక్కులంటే ఇష్టం లేని మనిషి. రెండో షిఫ్టును తప్పుపట్టిన నా మొదటి రిపోర్టు అప్పటికే హెడ్డాఫీసుకు వెళ్లింది. మా వృత్తిలో నేను పరీక్ష రాసి తెచ్చుకోబోయే పై సర్టిఫికెట్‌కు దాన్నే ప్రాజెక్టుగా పంపుకున్నాను కూడా. మునిరత్నాన్ని 'సొంత కోరికపై' రెండో షిఫ్టుకు తిరిగి మార్చినట్టు ఆర్డరు ఇద్దాం, ఎవరి పరువూ పోదు అన్నారాయన. పాము చావాలి, కర్ర విరగకూడదు. సరేనన్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆర్డరు కాగితం నేనే యార్డుకు పట్టుకెళ్లాను. మునిరత్నం దాన్ని రెండుసార్లు చదివి, సంతకం పెట్టకుండా తిరిగి ఇచ్చాడు.

"నేను కోరుకోలేదు కదమ్మా. జరిగింది ఒకటి, రిజిస్టర్లో రాసింది ఇంకొకటి. దానివల్లనే కదా ఇంత దూరం వచ్చింది. మళ్లా అదే చేస్తారా?"

ఇంటి దగ్గర తల్లి పరిస్థితి అదీ. సంతకం పెడితే మర్నాటి నుంచే ఆమె దగ్గర ఉండొచ్చు. అయినా పెట్టలేదు. ఆ కాగితం అక్కడే చింపేశాను.

ఆ సాయంత్రమే రిపోర్టును ఉపసంహరిస్తూ ఉత్తరం రాశాను. విశ్లేషణలో తప్పు జరిగింది, టైము ఎక్కడిదో కనుక్కోకుండా నిర్ధారణకు వచ్చాను, ఆ తప్పు నాది అని మూడు వాక్యాలు. హెడ్డాఫీసుకు ఒక ప్రతి పంపించాను. వరదరాజన్ గారు ఉత్తరాన్ని రెండు రోజులు తన బల్ల మీదే ఉంచుకుని, మూడో రోజు దాని మీద, మునిరత్నాన్ని వెనక్కి మార్చే కొత్త ఆర్డరు మీద సంతకం పెట్టారు. మళ్లీ షిఫ్టు మీటింగు పెట్టించి, అదే గోడ మీద పాత చార్టు, పక్కన కొత్త చార్టు వేసి, ఉత్తరం చదివాను. ఈసారి మునిరత్నం పేరు స్పష్టంగా పలికాను. తర్వాతి సోమవారం అతను రెండో షిఫ్టుకు వచ్చాడు. పక్క సెక్షన్ ఆవిరిని ఒకేసారి కాకుండా విడతలుగా తీసుకునేలా మార్చాం. రిజిస్టరులో టైముకు రెండు గళ్లు గీయించాం. పలచటి బ్యాచులు తగ్గాయి. నా సర్టిఫికెట్ ఏడాది వెనక్కి జరిగింది.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. ఈ ఉద్యోగానికి సగటు, అంకెల చెదురుబాటు, గ్రాఫు, రెండు గుంపుల మధ్య తేడా నిజమో కాదో తేల్చే పరీక్ష వస్తే చాలు, అవి డిగ్రీ చదివిన ఎవరికైనా ఏడాదిలో పట్టుబడతాయి. అంకె ఎక్కడ పుట్టిందో అక్కడికి నడిచి వెళ్లడం, దాన్ని రాసిన చేతిని అడగడం నేర్చుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. నా లెక్కలో కూడికలూ భాగహారాలూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఒక ముసలామె మూడు వారాలకు పైగా పొద్దున పూట ఒంటరిగా పడి ఉంది. లెక్క ఒక మనిషి మీద తప్పుగా పడితే, దాన్ని అందరి ముందూ వెనక్కి తీసుకోవాల్సింది ఆ లెక్క వేసినవాళ్లే. అది కూడా ఈ ఉద్యోగంలో భాగమే.