ఎడమకే లాగే జీపు

మా బావగారు పాత జీపుకు స్ప్రింగులు మార్పించి జానెడు ఎత్తు పెంచారు. ఆ తర్వాత స్టీరింగ్ వంకరగా నిలబడుతుంటే, చక్రాల అలైన్‌మెంట్ చేయించడం మానేసి, స్టీరింగ్ ఊడదీసి తిన్నగా బిగించుకున్నారు. ఈ సాయంత్రం నన్నెక్కించుకుని కాలవ గట్టు మీదికి తీసుకెళ్లారు. ఎంత తిన్నగా పోతోందో చూడమంటూ చేతులు వదిలేసరికి జీపు మెల్లగా ఎడమకు, నీళ్ల వైపు జరిగింది.

“బావగారూ, లాగేస్తోందండీ!”

“గట్టే అటు వాలుగా ఉందిరా. బండికేం కాదు. పాస్టర్ గారితో ప్రార్థన కూడా చేయించాను.”

తిరిగొచ్చేటప్పుడు కాలవ కుడివైపు ఉంది. జీపు మాత్రం మళ్లీ ఎడమకే, ఈసారి వరిచేలోకి దిగబోయింది. బావగారు స్టీరింగ్‌ను రెండు చేతులా పట్టుకున్నారు. అలా పట్టుకునే ఇంటికి చేర్చారు.

అయినా రేపు పొద్దున్న అక్కనీ పిల్లల్నీ అందులోనే, అదే గట్టు మీదుగా చర్చికి తీసుకెళ్తారట. వెళ్లేటప్పుడు కాలవ ఎడమవైపే. అందుకే దిగుతూ జీపు తాళం జేబులో వేసుకుని వచ్చేశాను. ఇందాక అక్క ఫోన్ చేసింది. బావగారికి బీరువాలో ఇంకో తాళం దొరికిందట.

నాలుగు టైర్లలో గాలి తీసెయ్యడానికి బయల్దేరుతున్నాను. తప్పంటారా?