‘వేడ్’ అనే మాట, మా అమ్మ

ఇంగ్లీషులో ‘వేడ్’ అనే క్రియ ఒకటుంది. నీళ్లలో దిగి నడిచి పోవడం అని దాని అర్థం. ఈత కాదు, పడవ ప్రయాణం కాదు. కాళ్లు నేల మీదే ఉండాలి, నీళ్లు మాత్రం మనిషిని అడుగడుగునా ఆపుతూ ఉండాలి. మనకు దానికి ఒక్క ముక్కలో మాట లేదు. ఏట్లో దిగి నడుచుకుంటూ దాటాడు అని సాగదీసి చెప్పుకోవలసిందే. కానీ నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పమనండి, మోకాటి లోతు, మొలలోతు, రొమ్ములోతు, గొంతులోతు అంటూ పైకి ఎక్కుతూనే పోతాం. ఇంగ్లీషువాడు నడిచేవాణ్ణి చూశాడు, మనం నీళ్లను చూశాం.

ఈ మాట నాకు నేర్పింది ప్రొద్దుటూరులో ట్యూషన్లు చెప్పే ఒక మేష్టారు. కృష్ణా జిల్లా మనిషి. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. నేను ఎస్సెల్సీ పరీక్షలో ఇంగ్లీషు తప్పి ఇంట్లో కూర్చున్నాను. టీచరు ట్రైనింగులో చేరాలని నాకు ప్రాణంగా ఉండేది. మా నాన్న మాత్రం తేల్చి చెప్పేశాడు. “సెప్టెంబరులో ఇంగొక్కతూరి రాయి. అదీ పోతే సదువు మాటెత్తగాకు.” ఇక చేసేదేముంది, ప్రొద్దుటూరులో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి ఆ ఎండాకాలమంతా ట్యూషన్ చదివాను.

మేష్టారికి మా యాస అంటే నవ్వులాట. నేను ‘యాడికి’ అంటే, “ఎక్కడికి అంటే నోరేమైనా అరిగిపోతుందా అమ్మా?” అనేవాడు. నాకు ఒళ్లు మండేది. పాఠం మాత్రం బ్రహ్మాండంగా చెప్పేవాడు, ఆ మాట ఒప్పుకుని తీరాలి. ‘వేడ్’ వచ్చిన రోజున పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు బరువుగా అడుగులేసి చూపించాడు. ఆయన భార్య తలుపు దగ్గర నిలబడి చూసి లోపలికి వెళ్లిపోయింది.

పాత ఇంగ్లీషులో ఈ మాటకు నీళ్లతో పనే లేదట. పోవడం, ముందుకు సాగడం, అంతే. నీళ్లు తరవాతెప్పుడో వచ్చి చేరాయట. లాటిన్ భాషలో దీనికి ఒక చుట్టం ఉందనీ, దండెత్తి రావడానికి వాడే ‘ఇన్వేడ్’, తప్పించుకుపోవడానికి వాడే ‘ఇవేడ్’ దాని పిల్లలేననీ చెప్పాడు. లావుపాటి పుస్తకాన్ని ఆపసోపాలు పడి ముగించినా ‘వేడ్ త్రూ’ అంటారు. ఎవరి జగడంలోనో ముందూ వెనకా చూడకుండా దూరినా ‘వేడ్ ఇన్’ అంటారు. “ఏదో ఒకటి అడ్డం ఉండాలమ్మా. అడ్డం లేకపోతే అది ఉత్త నడకే” అన్నాడు.

మా ఊరు పెన్నకు ఇవతల, పరీక్ష జరిగే జమ్మలమడుగు అవతల. మా రేవులో వంతెన లేదు. పెన్న ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. వానలు పడ్డప్పుడు మాత్రం దాటించడానికి ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన కర్రతో లోతు చూస్తూ ముందు నడిస్తే, తక్కినవాళ్లు చేతులు పట్టుకుని వెనకే నడవాలి. నీళ్లలో ఉన్న మనిషిని ఏ గట్టు నుంచీ ఎవరూ పిలవకూడదు. చూపు చెదిరితే కాలు తప్పుతుంది.

మా అమ్మ ఇవేవీ ఎరగదు. ఆమెది పులివెందుల. కాపురానికి వచ్చిన ఏడే ఏరు పొంగి రెండు పాడి ఎనుములను కళ్లముందు లాక్కుపోవడం చూసింది. అంతే, ఆ తరవాత చీలమండ తడిసేదాకా కూడా ఏట్లో దిగలేదు. “మా పులెందల్లో నీళ్లు బాయిలో ఉంటాయి, మనుషులు గడ్డన ఉంటారు. యాడుండాల్సినోళ్లు ఆడుంటారు” అనేది.

పరీక్ష రోజు ఉదయం హాల్ టికెట్టుకు పసుపూ కుంకుమా పెట్టి దేవుడి గూట్లో ఉంచాను. దండం పెట్టుకున్నాను, బయలుదేరాను. టికెట్టు దేవుడి దగ్గరే ఉండిపోయింది. అంత భక్తి నాది.

నీళ్లు ఆ రోజు నాకు మొలకు పైన. పెద్దాయన వెనక నాన్న చెయ్యి పట్టుకుని దాటి, అవతలి గట్టున పావడా పిండుకుంటూ వెనక్కి తిరిగాను. ఏటి నడుమ మా అమ్మ. ఒక చెయ్యి తల మీదికి ఎత్తి ఉంది, ఆ చేతిలో నా హాల్ టికెట్టు. చేతికర్ర కూడా లేదు. అమ్మ నాకంటే పొట్టి, నీళ్లు ఆమెకు రొమ్ములోతు వచ్చాయి. నాన్న కేకేయబోతే పెద్దాయన ఆయన భుజం పట్టుకున్నాడు. “పిలవద్దప్పా. వస్తాంది. రానీ.” నాన్న మళ్లీ నీళ్లలో దిగి ఎదురెళ్లాడు. నాకు ఏడుపు కూడా రాలేదు, అంత భయమేసింది.

అమ్మ గట్టెక్కి టికెట్టు నా చేతిలో పెట్టింది. ఒక మూల కూడా తడవలేదు. ఆ వెంటనే నా వీపున ఒక్కటిచ్చింది. “ఏందిమే ఈ మరుపు? నిలబడి సూస్తాండావేంది, పో!”

ఆ పరీక్ష నేను పాసయ్యాను, తరవాత టీచరునూ అయ్యాను. పరీక్ష రోజు సాయంత్రానికి ఏరు ఇంకా పెరిగింది. ఆ రాత్రి జమ్మలమడుగులోనే ఎరిగినవాళ్లింట్లో పడుకుని, తెల్లారి ముగ్గురం రేవుకొచ్చాం. నీళ్లు తగ్గి మొలలోతుకు దిగాయి. అమ్మ ఏటి వైపు చూసి ఇసుకలో చతికిలబడింది. ఎంత చెప్పినా లేవదు.

నాన్నకు విసుగొచ్చింది. “నిన్న ఇంతకంటే లోతులో ఒక్కదానివే వస్తివి గదా. ఈ పొద్దేమొచ్చె?”

అమ్మ నా వైపు చెయ్యి చూపించింది. “నిన్న నేను నీళ్లు సూడ్లేదు. దీని తలకాయ సూస్తా వచ్చినా.”