ఆ హాల్లో ఎంతమంది పడతారు

చాలా ఏళ్ళుగా ఒక హాలు నా గుండె మీద కూర్చుని ఉంది. పెద్ద హాలేమీ కాదు. అసలు సంగతి అదే.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అందుకే మీతో చెప్పడం తేలికనుకున్నాను. తేలికేనా? పొద్దుటినుంచి మొదటి వాక్యం దగ్గరే తిరుగుతున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. ఇది చదువుతుంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి. ఆ రోజు తలచుకుంటే నాకూ నవ్వొస్తుంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఒక మనిషి ముఖం గుర్తొస్తుంది. అక్కడ ఆగిపోతాను.

మదనపల్లెలో నాకొక ఫోటో స్టూడియో ఉండేది. తొంభైలంతా ఫిల్ము మీద పెళ్ళిళ్ళు తీశాను. రెండువేల సంవత్సరం దాటాక డిజిటల్ కెమెరాలు వచ్చాయి. మా వీధిలో స్టూడియోల వాళ్ళందరూ ఒక రకం కొన్నారు. నేను బెంగుళూరులో, వాడిన కెమెరాలమ్మే షాపులో ఇంకో రకం చూసి మోజుపడ్డాను. డిజిటల్ రేంజ్‌ఫైండర్. చూడటానికి తాతలనాటి కెమెరాలా ఉంటుంది. లోపల ఫిల్ము లేదు, అయినా ప్రతి ఫోటోకీ బొటనవేలితో మీట లాగాలి. దీనిలో మనం లెన్సులోంచి చూడం. పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. అంటే కెమెరా చూసేది ఒక చోటినుంచి, మనం చూసేది ఇంకో చోటినుంచి.

దానికొక వైడ్ యాంగిల్ లెన్సు కొన్నాను. నిమ్మకాయంత ఉంటుంది, వీధి మొత్తం పట్టేస్తుంది. దాని వెడల్పుకి కెమెరాకున్న కిటికీ చాలదు. నెత్తిన ఇంకో బుల్లి కిటికీ తగిలించుకోవాలి. ఆ బుల్లి కిటికీలో లోకం ఎంత ముద్దుగా కనిపిస్తుందో మీకెలా చెప్పను? ఫోకస్ బాధ కూడా లేదు. ఒకసారి సరిచేసి పెట్టుకుంటే ముందున్న పూలదండ నుంచి వెనకున్న గోడదాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. ఆ నెలల్లో నేను నేలమీద నడవలేదు. బస్టాండు తీశాను. టమోటా మార్కెట్ తీశాను. చివరికి మా వంటగది తీశాను. మా ఆవిడ ఆ ఫోటో చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇంత పెద్ద వంటిల్లుండాదా మనకు? ఇన్ని దినాలూ నాకు యాల సూపియ్యలేదు?"

పడీ పడీ నవ్వుకున్నాం. గమనించండి. ఆ లెన్సు ఏం చేస్తుందో నాకు ఆ రోజే తెలుసు.

పుంగనూరులో నా స్నేహితుడొకడు కొత్తగా కల్యాణ మండపం కట్టాడు. ఫోటో తీసిపెట్టమన్నాడు. వెళ్ళి చూస్తే, పాపం, మండపం చిన్నదే. నాకేమో లెన్సు పనితనం చూపాలని చేతులు దురద. వెనక మూలకి పోయి గోడకి వీపు ఆనించాను. మోకాళ్ళమీద కూర్చున్నాను. నాలుగు ఎర్ర కుర్చీలు లెన్సు ముందుకి లాక్కున్నాను. దగ్గరున్నవి పెద్దవిగా, దూరమున్నది ఇంకా దూరంగా కనిపించడం ఈ లెన్సు గుణం. కుర్చీలు సింహాసనాలయ్యాయి. వేదిక ఎక్కడో క్షితిజం దగ్గరికి వెళ్ళిపోయింది. మధ్యలో నేల పొలంలా పరుచుకుంది. అప్పుడు కసువు ఊడ్చే అమ్మ ఒకామె వేదిక పక్కన నిలబడి ఉంది. "కొంచెం పక్కకి జరగమ్మా" అన్నాను.

ఎందుకు జరగమన్నాను? మనిషి ఉంటే హాలు కొలత తెలిసిపోతుంది. అందుకని. ఇన్నేళ్ళూ "అదేదో కళ" అని నాకు నేను చెప్పుకున్నాను. కళే అయితే ఆమె ఉన్నా అందంగానే ఉండేది కదా?

ఆ ఫోటో పెద్దది చేయించి స్టూడియో గోడకి తగిలించాను. వచ్చినవాళ్ళందరూ నోరు తెరిచేవాళ్ళు. తెరిచిన ప్రతి నోటికీ నేను ఒక అంగుళం పెరిగేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం నారాయణప్ప వచ్చాడు. కుప్పం పక్కన గుడుపల్లె. రైతు. వాళ్ళన్న కూతురికి మదనపల్లె సంబంధం కుదిరింది. పెళ్ళి ఊళ్ళో చేద్దామని అన్న, కాదు రెండు ఊళ్ళకీ మధ్యన పుంగనూరులో మండపం తీసుకుందామని నారాయణప్ప. అన్న చివరికి "సరే, ఈసారి నీ మాటే కానీ" అన్నాడట. వాళ్ళింట్లో తమ్ముడి మాట నెగ్గడం అదే మొదలట. ఆ సంగతి ఆయనే చెప్పాడు, కాఫీ తాగుతూ, ముఖమంతా వెలిగిపోతూ. నా స్టూడియో పక్కనే పెళ్ళిపత్రికల ప్రెస్సు. అక్కడ పత్రిక అంతా అచ్చుకి సిద్ధం, మండపం పేరు ఒక్కటే ఖాళీ. ముహూర్తం దగ్గర్లోనే ఉంది. ఆయన నా గోడమీది ఫోటో చూశాడు.

"ఈ హాలు యాడుండాదప్పా?"

"పుంగనూర్లోనే అన్నా. కొత్తది."

ఆయన దగ్గరికి పోయి, చేతులు వెనక కట్టుకుని, ఫోటో లోపలికి నడిచిపోయేటట్టు చూశాడు. "ఎంతమంది పడతారప్పా దీంట్లో? మావోళ్ళు కదిల్తే లారీలకు లారీలు కదుల్తారు. రామకుప్పం నుంచి మా ఇంటి ఆడబిడ్డలోళ్ళే ఒక బస్సుకొస్తారు."

"సూస్తాండావు కదా నా" అన్నాను.

"సూస్తాండా. అయినా, ఊరికి పోతా పోతా పుంగనూర్లో దిగి ఒక సూపు సూసి పోతా."

అక్కడ నేను ఊరుకుంటే సరిపోయేది. చెప్పండి, ఊరుకుంటే ఏం పోయేది? కానీ నా ఫోటోని నమ్మక ఇంకా చూడాలంటాడా అని ఎక్కడో చురుక్కుమంది. పైగా పెళ్ళి ఫోటోలు కూడా నాకే వస్తాయని ఆశ. అన్నాను: "దిగితే కుప్పం బస్సు తప్పిపోతాది. పక్కన ప్రెస్సాయన కాసుకోనుండాడు. ఫోటో యాడన్నా అబద్ధం సెప్తాదా నా? ఈడ ఉండేదే ఆడ ఉండాది."

ఆయన నవ్వాడు. "నిజమే. మనిషి మాట కన్నా ఫోటో మాట మేలు" అన్నాడు. నేనే మా స్నేహితుడికి ఫోన్ చేసి ఆ తేదీ పట్టించాను. పత్రిక అచ్చయింది. పెళ్ళి ఫోటోలు కూడా నాకే వచ్చాయి.

పెళ్ళి పొద్దున మగపెళ్ళివాళ్ళు వచ్చి కూర్చునేసరికే హాలు నిండిపోయింది. ఇంకా గుడుపల్లె బస్సులు రాలేదు. వచ్చాయి. తర్వాత రామకుప్పం బస్సు వచ్చింది. తర్వాత లారీ. వాకిట్లోంచి లోపలికి తోస్తున్నారు, లోపలివాళ్ళు బయటికి తోస్తున్నారు. నాదస్వరం ఆయన మోచేతులు ఆడక వేదిక కింద చేరి వాయిస్తున్నాడు. పెళ్ళికొడుకు తండ్రి తలపాగా ఊడిపోయి ఎవరి భుజం మీదో వేలాడుతోంది.

"ఏమప్పా, ఇది కల్యాణ మండపమా, కోళ్ళ గంపనా?" అని ఆయన అరిచాడు.

"మా చేన్లో ఏనుగుల మంద పడినా ఇంత తొక్కుడు ల్యా సామీ!" అని రామకుప్పం ముసలాయన ఒకడు గుమ్మంలోంచి జవాబిచ్చాడు. జనం గొల్లుమన్నారు. వియ్యంకుడు నవ్వలేదు. ఆడపిల్ల తండ్రి తమ్ముడివైపు తిరిగాడు.

"కండ్లు యాడ పెట్టుకోని మాట్లాడినావురా ఈ అగ్గిపెట్టెని?"

"ఫోటోలో శానా పెద్దగా ఉండె నా" అన్నాడు నారాయణప్ప.

"ఫోటో అబద్ధం సెప్తాదారా? పైగా ఫోటో మీదికి తోస్తాండావా!"

నా మాటే. మూడు వారాల కిందట నేను ఆయనకిచ్చిన మాటే ఇప్పుడు ఆయన మీదికి వచ్చింది. నారాయణప్ప ఆ తొక్కిసలాటలో నాకోసం వెతికాడు. కనిపించాను. "నువ్వన్నా సెప్పప్పా" అన్నాడు.

నేను కెమెరా ఎత్తి కంటికి పెట్టుకున్నాను.

మామూలు కెమెరా అయితే ముఖమంతా దాక్కుంటుంది. ఇది అలా కాదు. సగం ముఖం బయటే ఉంటుంది, రెండో కన్ను తెరిచే ఉంటుంది. ఆ కంటితో ఆయన్ని చూశాను. ఆయన నా ఆ కంటినే చూశాడు. "ముహూర్తం దగ్గర పడతాండాది, అందరూ ఇటు సూడండి" అన్నాను. మీట లాగాను. నొక్కాను.

అంతే. నేను చేసింది అంతే. ఒక్క మాట చెప్పి ఉంటే వియ్యంకుడి కోపం నామీదికి తిరిగేది, నాలుగు తిట్లు తినేవాణ్ణి, నారాయణప్ప తలెత్తుకుని నిలబడేవాడు. నా లెన్సు పరువు కోసం ఒక మనిషి పరువు వదిలేశాను.

ఆ తర్వాత జరిగింది చెప్పకపోతే మళ్ళీ ఇంకో అబద్ధమవుతుంది. ఎందుకంటే అది నేను చూసిన పెళ్ళిళ్ళలో కెల్లా గొప్ప పెళ్ళి. ఎదురుగా టమోటా మండీ ఉంది. ఆ మండీ యజమాని గేట్లు బార్లా తెరిచాడు. "ఆడ ఇరుక్కోని యాల సస్తారు, ఈడికి రాండప్పా!" అన్నాడు. టమోటా ట్రేలు బోర్లించి పీటలు చేశారు, రెండేసి ట్రేలు పేర్చి బల్లలు చేశారు. విస్తరాకులు వేశారు. ఓళిగలు, అదే బొబ్బట్లు, చిత్రాన్నం, సంగటి ముద్దలు వీధి దాటి వెళ్ళాయి. పెళ్ళికొడుకు తాళి హాల్లోనే కట్టాడు గానీ, తలంబ్రాలు బయట పోయించమని వీధిలో జనం గోల. పెళ్ళికూతురే ముందు లేచింది. కొంగు ముడి లాగి మొగుణ్ణి బయటికి తెచ్చింది. ఇద్దరినీ ట్రాక్టరు ట్రాలీ ఎక్కించారు. తెలియని వాళ్ళు, బస్సులో పోతున్న వాళ్ళు, మండీ కూలీలు, అందరూ అక్షింతలేశారు. అక్షింతలు చాలక కొందరు బియ్యమే వేశారు. ఒకడెవడో టమోటా కూడా వేశాడు. పెళ్ళికొడుకు పట్టుకున్నాడు. వియ్యంకుడు అప్పుడు నవ్వాడు.

నేను మండీ గోడెక్కి ఒకే ఒక్క ఫోటో తీశాను. వీధి మొత్తం, ట్రాలీ, గాలిలో బియ్యం, పట్టుకోబోతున్న టమోటా, నవ్వుతున్న నోళ్ళు, అన్నీ ఒకే దాంట్లో. ఆ లెన్సు కాకుండా ఇంకేదీ దాన్ని పట్టలేదు. నా జన్మలో అంత మంచి ఫోటో తీయలేదు. హాలు ఫోటో దించేసి దాన్ని తగిలించాను. దాన్ని చూసి ఎన్ని పెళ్ళిళ్ళు నాకు వచ్చాయో.

ఆ ఫోటో ఎడమ అంచున ఒక మనిషి ఉన్నాడు. పాయసం బకెట్ మోస్తున్నాడు. వైడ్ లెన్సు అంచుల్లో ఉన్నవాళ్ళని సాగదీస్తుంది. బకెట్ గంగాళమంత, చెయ్యి మూరెడు ఎక్కువ పొడుగు, తల పక్కకి లాగినట్టు. "ఎవరప్పా ఈయన, ఇంత చెయ్యి?" అని వచ్చినవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. అది నారాయణప్ప.

నాలుగేళ్ళకి ఆ దంపతుల బిడ్డకి చెవులు కుట్టే వేడుక. గుడుపల్లెలోనే, రాగులు కోసేసిన చేన్లో షామియానా. నన్ను పిలిచారు. నారాయణప్ప ఎదురొచ్చి భుజం తట్టాడు.

"రాప్పా! ఈడ ఎంతమందైనా పడతారు. కావాలంటే ఫోటో తీసి సూసుకో!" అని ఆయనే పెద్దగా నవ్వాడు.

చుట్టూ పిల్లలు "అగ్గిపెట్టె తాతా, అగ్గిపెట్టె తాతా" అని ఎగురుతున్నారు. ఆయన వాళ్ళ వెంట పడి పట్టుకుని ముద్దులాడుతున్నాడు. ఆ పేరు ఆయనకి భారంగా లేదేమో అనుకున్నాను. అనుకోవాలని చాలా ఇష్టపడ్డాను. తర్వాత వంటమనిషి వచ్చి, వంకాయ కూర ఇప్పుడే పొయ్యి మీద పెట్టాలా, ఇంకాసేపాగాలా అని నారాయణప్పని అడిగాడు. ఆయన నోరు తెరిచేలోగా వాళ్ళన్న దూరంనుంచి, "వాణ్ణి అడగబాకప్పా, నన్నడుగు" అన్నాడు. తిట్టినట్టు కాదు. అలవాటుగా అన్నాడు. నారాయణప్ప కూడా అలవాటుగానే తెరిచిన నోరు మూసుకుని నీళ్ళ బిందె ఎత్తుకున్నాడు.

ఒక కూరకి కూడా ఆయన మాట చెల్లదు.

నేను వైడ్ లెన్సు విప్పి సంచిలో వేసుకున్నాను. మామూలు లెన్సు పెట్టుకుని ఆయన దగ్గరికి నడిచి, బిందెతో సహా ఒక ఫోటో తీశాను. అందులో ఆయన చెయ్యి మామూలు చెయ్యే. "అన్నా, ఆ పొద్దు మా స్టూడియోలో…" అని మొదలుపెట్టాను. "ముందు తిను, ఆరిపోతాది" అని ఆయన వెళ్ళిపోయాడు. తిన్నాను. ఓళిగలు చాలా బాగున్నాయి. బస్సెక్కి వచ్చేశాను. ఆయన వినకుండా వెళ్ళిపోయాడా, నేనే వదిలేశానా? నేనే వదిలేశాను. షామియానా అంత పెద్దది, సాయంత్రం దాకా ఉన్నాను, ఆయన ఎక్కడికీ పోలేదు.

మీరు నన్ను మన్నించాలని ఇది రాయలేదు. మన్నించడానికి మీ పరువు పోలేదు కదా. ఆయన అడిగిన ప్రశ్నకి నేను జవాబివ్వలేదు, అంతే నా బాధ. ఆయన ఎంత తేలిగ్గా అడిగాడో అంత తేలిగ్గా చెప్పేయగలిగిన జవాబు. ఇన్నేళ్ళకి, ముందుగా ఈ కాగితం మీద చెబుతున్నాను. రాస్తుంటే ఛాతీలో ఎవరో లేచి నిలబడి బయటికి నడుస్తున్నట్టుంది.

రెండొందల మంది పడతారు నారాయణప్పన్నా. మెట్ల మీద కూడా కూర్చోబెడితే ఇంకో యాభై. మీవాళ్ళకి చాలదు. పుంగనూర్లో దిగి సూసుకోని పో.