కర్నూలు స్టేషన్ పట్టిన పొద్దు

దయ్యాల కబుర్లు మొదలైతే టీ కోసమని లేచిపోయే రకం నేను. ఎయిర్‌పోర్టులో కరెంటు పని చేసేవాణ్ణి, తీగలో ఏం పారుతుందో నాకు తెలుసు. ఇది చదివి నవ్వినా నాకేం కోపం లేదు.

నాకూ మా పక్కింటి యాదగిరన్నకూ ఒకటే పిచ్చి. ఫోన్లోని ఎఫ్ఎం రేడియోలో దూరపు ఊళ్ల స్టేషన్లు పట్టడం. ఇయర్‌ఫోన్ తీగే దానికి ఏరియల్. తెల్లవారుతుండగా ఎయిర్‌పోర్టు పక్కనున్న తొండుపల్లి బండల మీద కూర్చునేవాళ్లం. ఫోన్ స్పీకర్ పెట్టి, దానికి గుచ్చిన తీగ కొసను యాదన్న వేళ్లతో పట్టుకుని చేయి పైకెత్తేవాడు. మనిషి ఒళ్లు తోడైతే ఏరియల్ పెద్దదవుతుంది, గరగర తగ్గి మాట తేలుతుంది. ఇందులో మాయేమీ లేదు.

ఆయన భార్య సరోజక్కది కర్నూలు పక్కనున్న అలంపూర్. అక్కడ పొద్దున లేస్తే ఇంటింటా కర్నూలు స్టేషనేనట.

"నీ పుట్టింటి రేడియో ఈడ్నే వినిపిస్త సూడు," అని యాదన్న పందెం.

"ఆఁ, వినిపిస్తవ్! ముందుగాల పాలు తే పో," అని అక్క.

పందెం తీరకుండానే యాదన్న గుండెనొప్పితో పోయాడు. అక్క మాట్లాడటం మానేసింది, ఏడవనూ లేదు. నాకు భయమేసింది. ఆ స్టేషన్ పట్టి ఆమెకు వినిపించి తీరాలనుకున్నాను.

చలికాలమంతా ఒక్కణ్ణే వెళ్లాను. నెత్తిమీద విమానం వెళ్లినప్పుడల్లా, దానికి తగిలి తిరిగొచ్చిన ఏదో మాట మెరిసి పోయేది. జలుబు చేసింది, మా ఆవిడ తిట్టింది. నేను మానలేదు.

బాగా మంచు పట్టిన ఒక పొద్దున అక్కను బతిమాలి వెంటబెట్టుకెళ్లాను. "గిది అయ్యే పనేనా తమ్మీ?" అంటూనే వచ్చింది.

తీగ కొస పట్టుకుని చేయెత్తి ఎంతసేపు చూసినా గరగరే. వేళ్లు కొంకర్లు పోయి తీగ వదిలేశాను. వదిలితే గరగర పెరగాలి. కానీ చప్పున ఆగిపోయింది. "కర్నూలు" అని గొంతు స్పష్టంగా వినిపించింది. ఆ వెంటే శనగ చేనుకు కొట్టాల్సిన మందు గురించి చెబుతున్నారు. అక్క భోరుమంది.

అప్పుడు చూశాను. తీగ కిందికి వేలాడటం లేదు. నా తల ఎత్తున, నిటారుగా బిగుసుకుని ఉంది. గాలి లేదు. అక్క చేతులు రెండూ శాలువాలోనే ఉన్నాయి.

అక్కా చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆ ఖాళీ వైపే తిరిగి, "జర దించు, చెయ్యి గుంజుతది," అంది.

తీగ మెల్లగా కిందికి దిగింది. స్టేషన్ పోయింది.

మంచు పొద్దున దూరపు స్టేషన్లు రావడం మామూలే, దానికి కారణం ఉంది. తీగ సంగతి మాత్రం ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఎవరైనా వివరిస్తే కూర్చుని వింటాను. అక్క ముందు మాత్రం వివరించనివ్వను.